తొలి రంజీ హ్యాట్రిక్ ఈ అధికారిదే!

రంజీ ట్రోఫీలో మొట్టమొదటి హ్యాట్రిక్ తీసిందెవరో మీకు తెలుసా? బాకా జిలానీ. 1911లో పంజాబ్‌లోని జలంధర్‌లో పుట్టిన మీడియం పేస్ బౌలర్. రంజీ మొదలైన 1934-35 సీజన్‌లోనే, అమృత్‌సర్‌లో నార్తర్న్ ఇండియా తరఫున సదరన్ పంజాబ్ మీద వరసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు పడగొట్టాడు. అదే మ్యాచ్‌లో సదరన్ పంజాబ్ ఒక ఇన్నింగ్స్‌లో 22 పరుగులకే కుప్పకూలింది. రంజీలో అతి తక్కువ స్కోరుగా ఆ లెక్క డెబ్బై అయిదేళ్లకు పైగా నిలిచింది. 2010లో దాన్ని చెరిపేసింది, చెప్పుకోవడానికి బాధగా ఉన్నా, మన హైదరాబాద్ జట్టే. జైపూర్‌లో రాజస్థాన్ మీద 21కి ఆలౌటయింది.

క్రికెట్ ఆడితే ఇల్లు గడిచే రోజులు కావవి. జిలానీ జలంధర్‌లో ఎక్స్‌ట్రా అసిస్టెంట్ కమిషనర్‌గా పనిచేశాడు. రెవెన్యూ వ్యవహారాలు, మెజిస్ట్రేట్ అధికారాలు ఉండే హోదా. మన వైపు డిప్యూటీ కలెక్టర్ లాంటిదనుకోండి.

అయితే జిలానీ పేరెత్తగానే అందరూ చెప్పేది హ్యాట్రిక్ గురించి కాదు, ఒక బ్రేక్‌ఫాస్ట్ గురించి. 1936 ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్ మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ. జట్టులోని మేటి ఆటగాడు, నాగ్‌పూర్ తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు అంటే ఆయనకు గిట్టదు. ఓవల్‌లో మూడో టెస్టుకు ముందు, ఫలహారం బల్ల దగ్గర అందరూ ఉండగా జిలానీ నాయుడిని నోటికొచ్చినట్టు మాట్లాడాడనీ, అందుకు బహుమానంగానే విజ్జీ అతనికి టెస్టు క్యాప్ ఇచ్చాడనీ చెబుతారు.

ఆ టెస్టులో జిలానీ చేసింది 4 నాటౌట్, 12. బౌలింగ్‌లో 15 ఓవర్లు వేసి 55 పరుగులిచ్చాడు, వికెట్ దక్కలేదు. అయితే ఇంగ్లండ్ బ్యాటర్ హామండ్ డబుల్ సెంచరీ బాదిన ఇన్నింగ్స్ అది. అలాంటి రోజున వికెట్ దొరకని బౌలర్‌ని పనికిరానివాడని తేల్చడం న్యాయం కాదు. నాయుడు మాత్రం మాటతో కాదు, బ్యాటుతోనే బదులిచ్చాడు. రెండో ఇన్నింగ్స్‌లో 81 కొట్టాడు. ఆయన టెస్టు జీవితంలో అదే అత్యధిక స్కోరు, అదే ఆఖరి ఇన్నింగ్స్ కూడా.

జిలానీకి మరో టెస్టు రాలేదు. 1941 జులై 2న, ముప్ఫయ్యో పుట్టినరోజుకు ఇంకా రెండు వారాల పైచిలుకు ఉందనగా, జలంధర్‌లో తన ఇంటి వరండా మీంచి పడి చనిపోయాడు. మూర్ఛవ్యాధి ఉండేదంటారు. ఆ బ్రేక్‌ఫాస్ట్ దగ్గర నోరు జారి ఉంటే అది తప్పే. కానీ పాతికేళ్ల కుర్రాణ్ని కెప్టెన్ తన పగకు వాడుకున్నాడన్నదే నిజమైతే, మచ్చ మొత్తం ఆ కుర్రాడికే అంటించి, కష్టపడి తీసిన హ్యాట్రిక్‌ని మరిచిపోవడం నాకు మింగుడుపడదు.

నష్టపోయింది అతనొక్కడే కాదు. ఓవల్‌లో ఆ చోటు దక్కాల్సింది మరో బౌలర్ షుటే బెనర్జీకని చెబుతారు. బెనర్జీ టెస్టు ఆడేసరికి 1949 వచ్చింది, వయసు 37 దాటింది. బొంబాయిలో వెస్టిండీస్ మీద అయిదు వికెట్లు తీశాడు. అయినా రెండో టెస్టుకు మళ్లీ పిలవలేదు.