కత్తి కట్టని పందెం

సెబ్రైట్ పుంజును మొదటిసారి చూసినవాళ్లు పెట్టే అనుకుంటారు. కొడవలిలా వంగిన తోక ఈకలుండవు, మెడ మీద నిగనిగలాడే సూది ఈకలుండవు. ఇంతలో అది మెడ సాచి కూస్తుంది. ఉలిక్కిపడి మళ్లీ చూస్తాం. బంగారు రంగు ఈకలు, ఒక్కో ఈక చుట్టూ సన్నటి నల్లంచు. రొమ్ము, రెక్క, తోక, ఎక్కడ చూసినా అదే కాటుక గీత. ఇంత పనితనం మోస్తున్న ఆ పుంజు బరువు ఆరు వందల గ్రాములు.

ఇంగ్లండులో సర్ జాన్ సెబ్రైట్ పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, ఏళ్ల తరబడి జతలు కలిపి తీర్చిన జాతి ఇది. పుంజుకు పెట్ట ఈకలెందుకన్న ప్రశ్నను తర్వాత థామస్ హంట్ మోర్గాన్ పట్టుకున్నాడు, పళ్ల ఈగల మీద పరిశోధనకు 1933లో నోబెల్ అందుకున్న ఆయనే. సెబ్రైట్ పుంజుల వృషణాలు తీసేసి చూస్తే, వాటికి నిండైన పుంజు ఈకలు మొలిచాయి! కోళ్లలో పుంజు ఈకే అసలు వేషం. ఆడ హార్మోను తగిలితేనే పెట్ట ఈక వస్తుంది. సెబ్రైట్ చర్మం మగ హార్మోనును ఆడ హార్మోనుగా మార్చేసుకుంటుంది. మార్చడానికి మగ హార్మోనే లేకపోతే, దాగి ఉన్న సొగసు బయటపడుతుంది.

ఇలాంటి చిట్టి కోళ్లను బాంటమ్‌లంటారు. జావా దీవిలోని బాంటెన్ రేవు పేరే వాటికి అంటుకుంది. వీటికీ పోటీలున్నాయి. డేగ, కాకి, నెమలి అని రంగు చూసి పుంజును ఎంచడం మనకు తెలుసు, సంక్రాంతికి దాని కాలికి కత్తి కట్టడమూ తెలుసు. ఈ చిట్టి కోళ్ల పోటీల్లో బరి ఉండదు. వరసగా తీగ బోనులు, నిర్ణేత చేతిలో సన్నటి కర్ర. పోటీకి ముందు కోడికి గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయించి, వెచ్చగా ఆరబెడతారు. ఓడిన కోడి కూడా సాయంత్రం ఇంటికే వెళ్తుంది. నాకు ఈ పందెం నచ్చుతుంది.

మరి ఏ కోడిని ఎంచుకోవాలి? బోనులో సెబ్రైట్‌కు సాటి తక్కువ. కానీ చేతికి తొందరగా లొంగదు. బెదురుతుంది, ఎగిరి గోడెక్కి కూర్చుంటుంది. పెట్టకు పొదగాలన్న ధ్యాస తక్కువ. పిల్లప్పటి నుంచీ రోజూ చేతిలోకి తీసుకుని మచ్చిక చేస్తేనే పోటీ రోజున నిలకడగా నిలుస్తుంది.

ఇంట్లో పసిపిల్లలుంటే నేను పెకిన్ అంటాను. ఊలు ఉండలా గుండ్రంగా, కాళ్లు కనిపించకుండా పాదాల దాకా ఈకలే. ఎత్తుకుంటే ఒదిగిపోతుంది. వానాకాలంలో మాత్రం ఆ పాదాల ఈకలు బురదలో నాని ముద్దకడతాయి, పొడి నేల చూపించాలి. మలేసియా సెరమా ఇంకా చిన్నది, అర కిలో కూడా తూగనివే ఎక్కువ. రొమ్ము విరిచి, తల వెనక్కి వాల్చి, బల్ల మీద రాజులా నడుస్తుంది. థాయి రాజుల ‘రామ’ బిరుదు నుంచే ఆ పేరు వచ్చిందంటారు.

నా మనసు ఆగిపోయేది జపాన్ చాబో దగ్గర. పొట్టలో దాక్కున్నంత పొట్టి కాళ్లు, నేలకు తగిలే రెక్కలు, తల కంటే ఎత్తుగా నిటారుగా లేచిన తోక. అలలో తెరచాప కదిలినట్టు నడుస్తుంది. స్వభావం నెమ్మది. తోటలో వదిలితే మొక్కల్ని పెద్దగా కెలకదు.

ఆ పొట్టి కాళ్లకు మాత్రం ఒక ధర ఉంది. ఆ లక్షణమిచ్చే జన్యువు ఒక్క ప్రతి ఉంటే కాళ్లు పొట్టి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరితే పిల్ల పెంకులోనే చనిపోతుంది. పొట్టి పుంజునూ పొట్టి పెట్టనూ జత కలిపితే సగటున నాలుగు గుడ్లలో ఒకటి అలా పోతుంది. ఇంకొకదాంట్లోంచి పొడుగు కాళ్ల పిల్ల వస్తుంది. అది బోనుకు పనికిరాదని చాలామంది తీసేస్తారు. నన్నడిగితే దాన్నే ఉంచుకోవాలి. పొడుగు కాళ్ల పెట్టకు పొట్టి పుంజును జత చేస్తే పిల్లలు సగం పొట్టి, సగం పొడుగు. ఈ జన్యువు వల్ల పెంకులో ఒక్కటీ చావదు. పోటీకి పంపే పొట్టి పిల్లలూ గుడ్ల లెక్కన ఏమీ తగ్గవు.

ఆ గుడ్లను పొదుగు మీదున్న పెకిన్ పెట్ట కింద పెట్టండి. తనవి కాకపోయినా ఈకలన్నీ ఉబ్బించి కప్పుకుంటుంది. మూడు వారాలు తిరిగేలోగా, ఒక వేకువన, ఆ ఈకల కింద నుంచి టిక్కు టిక్కుమని పెంకు పొడుస్తున్న చప్పుడు.