అగ్గి తెగులుతో వరి ఆకు పోరాటం

పచ్చగడ్డి పరకను వేళ్ళ మధ్య నలిపి ఎప్పుడైనా వాసన చూశారా? ఘాటుగా ఉండే ఆ పచ్చివాసన ఎక్కడిది? పరకకు దెబ్బ తగలగానే దాని కణాలలోని కొవ్వు ఆమ్లాలు విరిగిపోతాయి. అప్పుడు పుట్టే వాసన అది. ఈ కొవ్వు ఆమ్లాలే మొక్కను తెగుళ్ళ నుంచి కాపాడటానికి కూడా తోడ్పడతాయి. ఎలాగో వరిపైరులో చూద్దాం.

శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరానికి ఎగువన, సంతబొమ్మాళి, టెక్కలి ప్రాంతాలలో వరి ముఖ్యమైన పంట. వరికి పెద్ద శత్రువు అగ్గి తెగులు. ఇది సోకిన ఆకులపై నూలుకండె ఆకారంలో మచ్చలు ఏర్పడతాయి. మచ్చ అంచు గోధుమరంగు, నడిమి భాగం బూడిదరంగు. తెగులు ముదిరితే పైరు నిప్పంటుకున్నట్లు మాడిపోతుంది. వెన్ను మెడకు సోకితే గింజలు తాలుపోతాయి.

శత్రువు ప్రవేశం

ఈ తెగులుకు కారణం ఒక శిలీంధ్రం. గాలిలో వచ్చిన దాని సిద్ధబీజం మంచుకు తడిసిన ఆకుమీద మొలకెత్తుతుంది. మొలక కొన ఉబ్బి బుడిపెలా తయారవుతుంది. శిలీంధ్రం తాను దాచుకున్న కొవ్వులను గ్లిసరాల్‌గా మార్చుకుంటుంది. అందువల్ల బుడిపె నీటిని లాక్కొని, లోపల సుమారు 80 వాతావరణాల పీడనం కల్పిస్తుంది. కారు టైరులోని పీడనానికి ఇది దాదాపు 40 రెట్లు! ఆ ఒత్తిడితో సన్నని మేకులాంటి భాగం ఆకులోకి దిగుతుంది.

ఆకు ఆయుధాలు

మొదటిది పైపూత. ఆకుమీద నీటిబొట్టు జారిపోవడానికి కారణమైన మైనపు పొర కొవ్వు ఆమ్లాల నుంచే తయారవుతుంది.

రెండవది విషం. కణత్వచం దెబ్బతినగానే అందులోని లినోలీనిక్ ఆమ్లం విడివడుతుంది. ఒక ఎంజైము దానికి ఆక్సిజన్‌ను చేరుస్తుంది. ఇలా పుట్టిన పదార్థాలలో కొన్ని శిలీంధ్రాన్ని అణచివేస్తాయి. అగ్గి తెగులు సోకిన వరిలో ఇటువంటి పదార్థాలను 1980 దశకంలో జపాన్ శాస్త్రజ్ఞులు గుర్తించారు.

మూడవది హెచ్చరిక. అదే లినోలీనిక్ ఆమ్లం నుంచి జాస్మోనిక్ ఆమ్లం తయారవుతుంది. మల్లె, జాజి జాతికి ఇంగ్లీషులో ఉన్న జాస్మిన్ అన్న పేరే దీనికి మూలం. ఇది మొక్కలో చాటింపు వేసినట్లు పనిచేసి, ఇతర కణాలు కూడా రక్షణ పదార్థాలు తయారుచేసేలా చేస్తుంది.

ఎత్తుకు పైఎత్తు

ఇన్ని ఆయుధాలున్నా తెగులు ఎందుకు వస్తోంది? శిలీంధ్రం కూడా తక్కువది కాదు! అది ఒక ఎంజైముతో జాస్మోనిక్ ఆమ్లాన్ని మార్చివేసి, చాటింపు వినబడకుండా చేస్తుందని 2015లో సింగపూర్‌లో జరిగిన పరిశోధనలో తేలింది. అన్ని వరి రకాల శక్తీ ఒకటి కాదు. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి అన్నానికి పేరుపొందినా, అగ్గి తెగులుకు సులభంగా లొంగిపోతుంది. పైగా యూరియా మోతాదు మించితే తెగులు విజృంభిస్తుంది.

అందుకే తట్టుకునే రకాన్ని ఎన్నుకోవడం, విత్తనశుద్ధి చేయడం, ఎరువు మితంగా వేయడం రైతు పని. అప్పుడే ఆకు తన పోరాటంలో నెగ్గే అవకాశం పెరుగుతుంది.