ఎక్కినదా? దిగినదా? – కణాల దిశ తెలిపే గడియారాలు

తిరుత్తణి కొండకు 365 మెట్లున్నవి. అడుగున ఒకరు, పైన ఒకరు గడియారాలతో నిలిచి, ఒక భక్తుడు తమను దాటిన సమయాన్ని వ్రాసుకొన్నారనుకొందాం. ఆ రెండు లెక్కలను పోల్చి అతడు ఎక్కినాడో, దిగినాడో చెప్పవచ్చును. కాని పైనున్నవారి గడియారం పావుగంట ముందుంటే, పది నిమిషాలలో దిగివచ్చినవాడు ఎక్కినట్లు తేలుతుంది. కణాలను పట్టే యంత్రాలను నిర్మించే శాస్త్రజ్ఞులకు ఎదురయ్యే చిక్కు ఇదే.

ఆకాశం నుండి మ్యూవాన్లనే సూక్ష్మకణాలు ఎడతెగక కురుస్తుంటాయి. అరచేయి చాపితే సెకనుకు ఒకటి రెండు దాని గుండా దూసుకుపోతాయి. న్యూట్రినోలు మరొక జాతి. అవి భూగోళాన్నే దాటి వచ్చి, ఎప్పుడో అరుదుగా రాతినో ఇనుమునో తాకి మ్యూవానును పుట్టిస్తాయి. కనుక క్రిందినుండి పైకి పోయే మ్యూవాను న్యూట్రినో రాకకు సాక్ష్యం.

ఈ అన్వేషణలో మన ప్రాంతానికీ పాలున్నది. 1960 వరకు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిదే. ఆ చిత్తూరు, ఉత్తరార్కాటు జిల్లాల నుండి ఎందరో తెలుగు, తమిళ కార్మికులు కోలారు బంగారు గనులకు పనికి వెళ్ళారు. ఆ గనులలో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, 1965లో టాటా మౌలిక పరిశోధన సంస్థ, జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలసి, వాతావరణంలో జనించిన న్యూట్రినోల జాడను కనుగొన్నది. గనులు 2001లో మూతబడినవి.

తరువాతి ప్రయత్నం తేని జిల్లా పొట్టిపురం వద్ద తలపెట్టిన భారత న్యూట్రినో పరిశోధనాలయం. 50,000 టన్నుల ఇనుప పలకల మధ్య వేలాది గాజు పెట్టెలను అమర్చాలన్నది అందలి ప్రణాళిక. ఒక్కొక్క పెట్టెలో రెండు గాజు పలకల నడుమ 2 మిల్లీమీటర్ల సందులో వాయువు, దానిపై సుమారు 10,000 వోల్టుల విద్యుత్తు ఉంటాయి. కణం దాటగానే చిన్న విద్యుత్ స్పందన కలుగుతుంది. ఆ స్పందనను పెంచి, అది వచ్చిన క్షణాన్ని గుర్తించడమే ఎలక్ట్రానిక్ పరికరాల పని.

ఇక్కడి కాలమానం నానోసెకను, అనగా సెకనులో నూరుకోట్లవ వంతు. అంత కాలంలో కాంతి 30 సెంటీమీటర్లు మాత్రమే పోతుంది. పది అరలు, అనగా సుమారు ఒక మీటరు, దాటడానికి మ్యూవానుకు 3 నానోసెకన్లు చాలును. తీగలోనైతే ఒక మీటరుకు స్పందన సుమారు 5 నానోసెకన్లు ఆలస్యమవుతుంది. పై అర తీగ ఒక్క మీటరు పొడవైతే, దిగిన కణం ఎక్కినట్లు నమోదవుతుంది. లేని న్యూట్రినో ఉన్నట్లు తోస్తుంది! అందుచేత ప్రతి తీగ ఆలస్యాన్నీ ముందే కొలిచి, లెక్కలోనుండి తీసివేస్తారు. బలమైన స్పందన త్వరగా, బలహీనమైనది కొంత ఆలస్యంగా గుర్తింపునకు వస్తుంది. ఆ తేడాను సైతం సవరిస్తారు. అరలన్నిటికీ ఒకే గడియారపు అదను అందిస్తారు.

పొట్టిపురం నిర్మాణానికి కేంద్రం 2015లో ఆమోదం తెలిపినా, స్థానికుల అభ్యంతరాలు, న్యాయ వివాదాలు అడ్డు నిలిచినవి. 2022లో తమిళనాడు ప్రభుత్వం సుప్రీంకోర్టులో తన వ్యతిరేకతను తెలియజేసినది. మదురైలో మాత్రం 85 టన్నుల చిన్న నమూనా నిర్మితమైనది. పది అరలలో అది ఆకాశపు మ్యూవాన్లను పట్టి, ఈ గడియారాలను పరీక్షించుటకు ఉపకరించినది.

కొండ మెట్ల లెక్క వంటి ఈ చిన్న సూత్రాన్ని పిల్లలకు బోధించవచ్చును. రెండు గడియారాలు ఏకీభవించనిదే, ఎవరు ముందో, ఎవరు వెనుకో నిర్ణయించరాదు.