మరుగుదొడ్డి నీటిపెట్టె: కారుట, మాన్పుట

శీర్షిక చూచి ముక్కు మూసికొని పుట త్రిప్పివేయకుడు. ఊరగాయలకును, కుట్టుపనికిని చోటు గల యీ పుటలలో దీనికి మాత్రము చోటేల యుండరాదు?

మా జంగారెడ్డిగూడెము మెట్టసీమ. దిగువనున్న తాడేపల్లిగూడెము, ఏలూరు ప్రాంతములకు 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట పుణ్యమున గోదావరి నీరు కాలువలలో వచ్చుచున్నది. మా యింటికి బోరునీరే గతి. గడచిన వైశాఖమున, ఉదయమొక్కమారు వేయు మోటారును సాయంకాలమును వేయవలసి వచ్చెను. మావారు మోటారును శంకించిరి. మేము అంట్లు తోము మనిషిని శంకించి, "కుళాయి అట్లు వదలివేయుదువా?" యని గట్టిగా అంటిమి. ఆమె మాఱు పలుకలేదు.

ఒకనాటి యర్ధరాత్రమున, ఎవ్వరును లోనికి పోకయే పెట్టెలో నీరు నిండు బుసబుస శబ్దము వింటిమి. తెల్లవారినంతనే బట్టలకు వేయు నీలిమందు నాలుగు చుక్కలు ఆ పెట్టెలో వేసి, అరగంట సేపు ఎవ్వరును బొత్తాము నొక్కకుండ కావలి యుంటిమి. క్రింది పింగాణిలో సన్నని నీలిధార కనబడెను. పిదప పెట్టెకు నీరు వచ్చు మరను కట్టి, లోపల నీటిమట్టమునకు పెన్సిలుతో గీత గీచితిమి. గంటకు నీరు గీత దిగెను. మరల గీతవఱకు కొలిచి పోయగా రెండున్నర లీటర్లు పట్టెను. దినమునకు అఱువది లీటర్లు, అనగా పదునైదు లీటర్ల బిందెలు నాలుగు!

కుళాయిపనివాడు పది దినములు "రేపు వచ్చెదను" అనుచునే యుండెను. మేమే పూనుకొనగా అత్తగారు, "ఆ పెట్టెలో చేయిపెట్టి మరల మడి కట్టుకొందువా?" యనిరి. "అత్తయ్యగారూ, మీరు కాళ్లు కడుగుకొను నీరును, ఇందలి నీరును మేడమీది తొట్టినుండి వచ్చినవే. మాలిన్యము చేరునది క్రిందనే" యంటిమి. ఆ క్రింది గొట్టపు వంపులో నిలుచు నీరే దుర్గంధమును పైకి రానీయదు. ఈ వంపునకు 1775లో అలెగ్జాండరు కమింగు అనునతడు ఇంగ్లండున పేటెంటు పొందెను. అత్తగారికి కమింగుగారి గొడవ పట్టలేదు గాని, మఱి యడ్డు చెప్పలేదు.

మొదట మేము పొరపడితిమి. నీటిపై తేలు బంతిని దించినచో చాలునని మర త్రిప్పితిమి, కారుట మానలేదు. నిండిన నీరు లోపలి పొంగుగొట్టపు నోటిలోనికి పొరలిపోవుచున్న యెడలనే తప్పు బంతిది. మా పెట్టెలో నీరు ఆ నోటికి అంగుళము దిగువనే యుండెను. ఆ సంగతి చూడకయే చేయి పెట్టుట మా తొందర.

పిమ్మట మర కట్టి, నీరు వదలి, మూత తీసి, నడిమి యమరికను ఎడమకు కొంచెము త్రిప్పగా పైకి వచ్చెను. దాని యడుగున రబ్బరు వాషరు కలదు. అదియే పెట్టె కంతను మూయునది. బోరునీటి సున్నము దానిపై తెల్లగా, ఇసుకవలె గరుకుగా పేరుకొనియుండెను. వాషరు మెత్తగనే యున్నందున గోరువెచ్చని నీట నిమ్మ ఉప్పు రెండు చెంచాలు కలిపి అరగంట నానవేసి, పాత పండ్లబ్రష్షుతో తోమితిమి. వాషరు కూర్చుండు అంచును గూడ వ్రేలితో తడిమి శుభ్రపఱచితిమి. మఱచినచో శ్రమ వృథా. నిమ్మ ఉప్పును బ్లీచింగు పొడితో మాత్రము ఎన్నడును కలుపకుడు, విషవాయువు పుట్టును. రబ్బరు గట్టిపడి పగిలియున్నచో పాతదానిని అంగడికి తీసికొనిపోయి సరిపోల్చి క్రొత్తది కొనవలయును. అన్ని పెట్టెలకు నొకటే కొలత గాదు. ప్లాస్టికు మరలను చేతితోనే బిగింపుడు. పట్టుకారు వాడి యొకదానిని పగులగొట్టుకొంటిమి.

ఆ రాత్రి మరల నీలిమందు వేసితిమి. ఉదయమున పింగాణి తెల్లగా నుండెను. నాడు మొదలు మోటారు ఒక్కమారే.

అంట్లు తోము మనిషి రాగానే, "తప్పు నీది కాదు, పెట్టెది. ఊరక నిన్నంటిమి" అని చెప్పితిమి. ఆమె నవ్వి, "మా యింట పెట్టె యెక్కడిదమ్మగారూ, బకెట్టేగా" యని, మిగిలిన నీలిమందు సీసా అడిగి తీసికొనిపోయెను.