రోగం ఇక్కడ.. రాబడి అక్కడ

హుస్నాబాద్ నుంచి కరీంనగర్‌కు పోయినా, సిద్దిపేటకు పోయినా నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అదేమంత దూరం కాదు. మంచం పట్టిన కూలీకి మాత్రం ఆరోజు కైకిలి పోతుంది. తోడొచ్చిన మనిషి కైకిలీ పోతుంది. ఆపైన చార్జీలు, పరీక్షలు, మందులు. చేతిలో డబ్బు లేకపోతే మిత్తికి అప్పు.

వృద్ధి రేటు లెక్కల్లో ఈ నష్టం విడిగా కనిపించదు. కానీ ఊరి అంగట్లో కనిపిస్తుంది. అప్పు తీర్చే ఇల్లు బట్టలు కొనదు, విత్తనాల దగ్గరా వెనకాడుతుంది. 1993లో ఆర్థిక నోబెల్ అందుకున్న రాబర్ట్ ఫోగెల్ ఈ సంగతిని మరో వైపు నుంచి, అంటే ఒళ్లు బాగుంటే పెరిగే రాబడి వైపు నుంచి చూశారు. 1790 తర్వాత దాదాపు రెండు శతాబ్దాల్లో బ్రిటన్ తలసరి ఆదాయ వృద్ధిలో సుమారు 30 శాతం మెరుగైన పోషణ వల్లేనని ఆయన అంచనా కట్టారు.

మరి ఇళ్ల మీద ఈ భారం తగ్గేలా సర్కారు సొమ్ము జనాన్ని సర్కారు దవాఖానాకు రప్పించగలదా? తెలంగాణలో 2015-16లో వంద కాన్పుల్లో సుమారు 30 మాత్రమే ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగాయి. 2019 నాటికి అవి దాదాపు 50 అయ్యాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మధ్యలో 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయి ఆడపిల్ల పుడితే రూ.13 వేలు, మగపిల్లాడైతే రూ.12 వేలు ఇచ్చేవారు. మార్పంతా కిట్ పుణ్యమే అనలేం గానీ దాని వాటా కాదనలేం. అదే సర్వేలో ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పుల్లోనూ 44 శాతానికి పైగా సిజేరియన్లే. ప్రైవేటులో 81 శాతం దాటాయి. డబ్బు పోస్తే సరిపోదు, అడిగే నాథుడూ ఉండాలి!

ఇక పేదల ఆసుపత్రి బిల్లు ప్రభుత్వం కట్టే ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితి రూ.10 లక్షలకు పెరిగింది. ఎన్నో ఇళ్లను అప్పుల నుంచి కాపాడిన పథకమే. కానీ హుస్నాబాద్ రోగి గుండె ఆపరేషన్‌కు హైదరాబాద్ పోతే, ప్రభుత్వం కట్టే బిల్లూ హైదరాబాద్‌కే పోతుంది. నర్సు కొలువు, ల్యాబు, మందుల షాపు, ఆసుపత్రి ఎదుటి హోటలు అన్నీ అక్కడే బతుకుతాయి. ఖర్చు పల్లె పేరిట, వృద్ధి నగరానికి. 2018లో సిద్దిపేటలో తెరిచిన ప్రభుత్వ వైద్య కళాశాల లాంటివి ఈ ప్రవాహాన్ని కొంత మళ్లిస్తాయి. జీతాలు స్థానికంగా ఖర్చవుతాయి, రోగికి దారి తగ్గుతుంది. అయినా జ్వరం, బీపీ, షుగరు దగ్గరే చాలా ఇళ్ల కష్టం మొదలవుతుంది. వాటిని పట్టుకోవాల్సింది మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ).

2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పిందీ అదే. వైద్య నిధుల్లో మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికి ఇవ్వాలంది. 2025 నాటికి ప్రభుత్వ వ్యయం జీడీపీలో 2.5 శాతానికి చేరాలంది. 2021-22లో అది 1.84 శాతం.

ఈసారి బడ్జెట్ వచ్చినప్పుడు ఆరోగ్యశ్రీ పరిమితి ఎంత పెరిగిందో చూసి ఊరుకోకండి. మీ మండల పీహెచ్‌సీకి ఎంత ఇచ్చారో, అక్కడ డాక్టరు పోస్టు భర్తీ అయిందో లేదో మీ ఎమ్మెల్యేను అడగండి.