దామరవాయి గుట్ట మీద రాకాసి గుళ్ళు

ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో దామరవాయి గుట్ట ఎక్కితే మొదట కనబడేవి రాళ్ళ కుప్పలే. చెట్ల కింద అక్కడొకటి, తుప్పల చాటున ఇంకొకటి. దగ్గరికెళ్ళేసరికి కుప్ప కాస్తా ఇల్లయి నిలబడుతుంది. నిలువుగా పాతిన బండలే గోడలు. వాటిని దాటి చూరులా బయటికొచ్చిన ఒకే ఒక్క కప్పుబండ. చుట్టూ రాళ్ళ వలయం. కొన్నింటిలోకి తొంగిచూస్తే, ఒంటిరాతిని తొలిచి చేసిన తొట్టి ఉంటుంది. ఇంతేసి బండలు ఎత్తడం మనుషుల వల్ల ఎక్కడవుతుందని ఊళ్ళవాళ్ళు వీటికి రాకాసి గుళ్ళని పేరు పెట్టారు.

నిజానికి ఇవి సమాధులు. ఇనుము వాడకం నేర్చిన బృహత్ శిలాయుగపు మనుషులు తమవాళ్ళ కోసం కట్టినవి. ఆ కాలం సుమారు మూడు వేల ఏళ్ళ కిందట మొదలైంది. గోదావరి లోయ ఇసుకరాయిది పొరలు పొరలుగా ఉండే తత్వం. పొర వెంట చీలిస్తే పలకలా లేస్తుంది. అంతవరకు ఇనుప పనిముట్లు సాయపడి ఉంటాయి. ఆ పలకను గుట్ట మీద కదిపి గోడలపైకి ఎక్కించడానికి మాత్రం ఊరంతా చెయ్యి వెయ్యాల్సిందే. తాము ఏ ఆకుల గుడిసెలో పడుకున్నారో గానీ, పోయినవాళ్ళకు మాత్రం రాతి మిద్దె కట్టారు!

ఇదే మండలంలోని కాటాపూర్‌లో, అవతల మల్లూరులో సమాధుల దగ్గర మరో చిత్రం ఉంది. నిలువు రాయి, రెండు పక్కలా చాచినట్టున్న చేతులు. వీటి గురించి 1868లో ముల్హెరన్ అనే తెల్లదొర రాశాడు. మరో తెల్లదొర జేమ్స్ ఫెర్గూసన్ 1872లో తెచ్చిన పుస్తకంలో వీటిని శిలువలుగా లెక్కగట్టి, సమాధులు క్రైస్తవుల కాలానివని తేల్చేశాడు. కానీ ఈ ప్రాంతపు ఇలాంటి రాళ్ళలో కొన్నింటికి స్తనాలు చెక్కి ఉన్నాయి. శిలువకు స్తనాలెందుకుంటాయి? అవి మనిషి బొమ్మలని ఇప్పటి పరిశోధకుల మాట. ఆ ఫెర్గూసన్ కంటే రాకాసులన్నవాళ్ళే నయం. కట్టినవాళ్ళను కనీసం ఈ అడవి దాటించలేదు.

గోదావరి వెంట దిగువకు వెళితే పినపాక మండలం జానంపేటలోనూ ఇవే సమాధులు, ఇవే రాతి తొట్లు. అక్కడా ఇక్కడా కూలినవాటికి కాలం ఒక్కటే కారణం కాదు. గుప్తనిధుల పిచ్చిలో తవ్విపోసినవాళ్ళున్నారు. ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు పెట్టే సమాధిలో బంగారం రాశులు దొరుకుతాయని వాళ్ళకెవరు చెప్పారో!

రెండేళ్ళకోసారి మేడారం జాతరకు జనం పెద్ద ఎత్తున తాడ్వాయి మీదుగా పోతారు. దామరవాయి వైపు మళ్ళేవాళ్ళు తక్కువ. వెళ్ళదలిస్తే చలికాలం మంచిది. వానాకాలంలో గడ్డి, తీగలు రాళ్ళను కప్పేస్తాయి. దారి తెలిసిన ఊరివాళ్ళను తోడు తీసుకెళ్ళండి. ఫోటో కోసం కప్పుబండ ఎక్కకండి, కింద గోడ ఒరిగి ఉండొచ్చు.