కొత్త కంప్యూటర్‌లో విండోస్ 7 వేయిస్తున్నారా? కీబోర్డు, మౌస్ దగ్గరే ఆగిపోవచ్చు!

కొత్త కంప్యూటర్ కొని కూడా ‘నాకు పాత విండోస్ 7నే వేసివ్వండి’ అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ముఖ్యంగా డీటీపీ సెంటర్ల వాళ్లు. ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో చేసుకున్న ఫైళ్లు, చేతికి అలవాటైన కీబోర్డు లేఅవుట్, పాత ప్రింటర్.. ఇవన్నీ ఒక్కసారిగా వదులుకోమంటే ఎవరికైనా కష్టమే. అయితే కొత్త హార్డ్‌వేర్‌పై విండోస్ 7 ఎక్కించడం అనుకున్నంత ఈజీ కాదు.

అసలు చిక్కు ఎక్కడంటే.. 2009లో వచ్చిన విండోస్ 7లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు లేవు. అప్పటి మదర్‌బోర్డుల్లో యూఎస్‌బీ 2.0 కంట్రోలర్ విడిగా ఉండేది కాబట్టి ఇబ్బంది రాలేదు. 2015లో ఇంటెల్ 6వ తరం ప్రాసెసర్లతో వచ్చిన చిప్‌సెట్లలో ఆ పాత కంట్రోలర్‌ను తీసేశారు. దీంతో ఇన్‌స్టలేషన్ స్క్రీన్ వచ్చేసరికి కీబోర్డు, మౌస్ రెండూ పనిచేయవు. పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేస్తుంటే ‘సీడీ/డీవీడీ డ్రైవర్ లేదు’ అంటూ మెసేజ్ వస్తుంది. డిస్క్ పాడైందేమోనని కంగారు పడతారు గానీ, నిజానికి లేనిది యూఎస్‌బీ డ్రైవర్!

దీనికి మార్గం లేకపోలేదు. యూఎస్‌బీ 3.0, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ డ్రైవర్లను ముందే కలిపి ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవాలి. మదర్‌బోర్డుకు గుండ్రటి పీఎస్/2 పోర్టు ఉంటే పాత కీబోర్డుతోనూ పని నడుస్తుంది. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపి, సీఎస్‌ఎం ఆన్ చేయాలి. లేదంటే విండోస్ లోగో దగ్గరే స్క్రీన్ ఆగిపోతుంది. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ సీఎస్‌ఎం ఆప్షనే ఉండదు. అలాంటి వాటిపై గంటల కొద్దీ కుస్తీ పట్టడం దండగ.

సరే, ఎలాగోలా వేశారే అనుకుందాం. ఇంటెల్ 7వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌కు విండోస్ 7 కోసం ఇంటెల్ అధికారికంగా డ్రైవర్ ఇవ్వలేదు. అంతేకాదు, 2020 జనవరి 14తోనే మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ఆపేసింది. గూగుల్ క్రోమ్ కూడా 109 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. అంటే కొత్తగా బయటపడే లోపాలకు మందు లేదు. అలాంటి సిస్టమ్‌లో నెట్ బ్యాంకింగ్ చేయడమంటే తాళం లేని ఇంట్లో బీరువా పెట్టుకున్నట్టే.

మరి పాత ఫైళ్ల సంగతేంటి? ముందు ఆ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో కంపాటిబిలిటీ మోడ్‌తో నడుస్తుందేమో చూసుకోవాలి. నడవకపోతే వర్చువల్ మెషీన్ మంచి దారి. విండోస్ 11 అలాగే ఉంచి, ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో విండోస్ 7 వేసుకోవచ్చు. లోపల కనిపించేది పాత తరహా హార్డ్‌వేరే కాబట్టి డ్రైవర్ల గొడవ చాలావరకు ఉండదు. 2 జీబీ ర్యామ్ కేటాయిస్తే చాలు. విండోస్ 7 లైసెన్స్ కీ మాత్రం ఉండాలి. అందులో ఇంటర్నెట్ కనెక్షన్ ఆపేసి, పేజ్‌మేకర్ పని చేసుకుని, బ్రౌజింగ్ అంతా బయట విండోస్ 11లో చేసుకోవచ్చు. పైగా ఆ వర్చువల్ మెషీన్ మొత్తం ఒక ఫోల్డర్‌లోనే ఉంటుంది. దాన్ని బయటి హార్డ్‌డిస్క్‌లో కాపీ చేసి పెట్టుకుంటే, రేపు కంప్యూటర్ మార్చినా అదే విండోస్ 7ను అక్కడ తెరుచుకోవచ్చు.